బట్టీ మనిషి పోగా

మా ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టే పద్ధతే వేరు. ఎవరైనా "ఎంతమంది వస్తున్నారు?" అని అడిగితే మిగతా ఇళ్ళలో తలలు లెక్కపెట్టి చెబుతారు. మేం తలలు లెక్కపెట్టి, అందులోంచి ఒకటి తీసేసి చెబుతాం. "బట్టీ మనిషి పోగా ఇంతమందిమి" అంటాం. బంధువుల ఇంటికి భోజనాలకి వెళ్ళినా, నాటకానికి టికెట్లు కొన్నా, అద్దెకి వ్యాను మాట్లాడుకున్నా అదే లెక్క. చిన్నప్పుడు బళ్ళో టీచరు మీ ఇంట్లో ఎంతమందని అడిగితే నేను ఒకటి తక్కువ చెప్పి వచ్చానట. అమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతుంది. నాకు మాత్రం ఈ మధ్య నవ్వు రావడం లేదు.

ఆ బట్టీ మనిషి మా మేనత్త. నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. మాది రొట్టెల దుకాణం. ముందు గదిలో అమ్మకం, అది నా పని. మధ్య గదిలో పిండి కలిపే బల్లలు, అది నాన్నదీ తమ్ముడిదీ. ఆ వెనక బట్టీ. ఇటుకలతో గుమ్మటంలా కట్టిన కట్టెల బట్టీ. తాత తన చేతుల్తో కట్టింది. దానికి ఒకటే నియమం: పూర్తిగా చల్లారకూడదు. చల్లబడిన ఇటుకకి ఒక్కసారిగా వేడి తగిలితే పగులుతుంది. అందుకని సాయంత్రం పని అయిపోయాక నిప్పుల్ని ఓ మూలకి లాగి బూడిద కప్పాలి, మధ్యమధ్యలో లేచి చూసుకోవాలి, తెల్లారేసరికి మళ్ళీ రాజేయాలి. నివురు గప్పిన నిప్పు అనే మాటని అందరూ మనుషుల మీద వాడతారు. మాకది నిజంగానే రోజూ చేసే పని.

తాత ఉన్నన్నాళ్ళూ బట్టీ దగ్గర వంతులుండేవట. ఆ వంతులు ఎప్పుడు ఎగిరిపోయాయో ఎవర్నడిగినా చెప్పలేరు. ఒకసారి నాన్నకి నడుం పట్టేసింది. ఒకసారి అమ్మకి పురుడు. ఒకసారి తమ్ముడికి పరీక్షలు. ప్రతిసారీ అత్త "నేనుంటాలే, మీరు వెళ్ళి రండి" అంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. మేం మొత్తలేదు, అంత పాపానికి ఒడిగట్టలేదు. మెత్తగా ఉంది కదా అని వాడేసుకున్నాం. అత్తకి సంబంధాలు కూడా వచ్చాయి. వచ్చినవాళ్ళు కుర్చీల్లో సర్దుకుని కూర్చోకముందే "మరి బట్టీ ఎవరు చూస్తారు?" అని ఇంట్లో ఎవరో ఒకరు అనేవారు. కొన్నాళ్ళకి సంబంధాలు రావడమే మానేశాయి. తమ్ముడి పెళ్ళికి అత్త వచ్చింది కానీ, బట్టీ చూసుకోవాలని భోజనాలకి ఆగకుండా వెళ్ళిపోయింది.

అలాగని మా అత్త మూల కూర్చుని ముక్కు చీదే మనిషని అనుకునేరు. నోరున్న మనిషి. చిటికెడు పిండి బట్టీ లోపలికి విసిరి, అది ఎర్రబడే తీరు చూసి వేడి చెప్పేది. నల్లబడితే "ఇవాళ దీనికి కోపమొచ్చింది, కాస్త ఆగండి" అనేది. ఆ మంట దగ్గర నిలబడీ నిలబడీ కనుబొమలు సగం కాలిపోయి ఉండేవి. నేనేమైనా అంటే, "పెంచుకుని ఎవర్ని బెదిరించాలే, నిన్నా?" అనేది. ఆమె పొడవాటి చెక్క తెడ్డు పట్టుకుంటే ఆ చుట్టుపక్కలకి నాన్న కూడా వెళ్ళేవాడు కాదు.

పోయిన చలికాలం చివర్లో గుమ్మటం లోపల్నించి ఒక ఇటుక ఊడి రొట్టెల మీద పడింది. మేస్త్రి వచ్చాడు. టార్చి పట్టుకుని లోపలికి తల పెట్టి చూసి, బయటికొచ్చి పెదవి విరిచాడు.

"అతుకులేస్తే ఆగదండీ. పైకప్పంతా విప్పి మళ్ళీ కట్టాలి. కట్టాక తడి ఆరేదాకా నిప్పు చూపించకూడదు. ఆగలేక వెలిగించారో, మళ్ళీ నన్నే పిలుస్తారు," అన్నాడు.

నాన్న మొహం మాడిపోయింది. అత్త బట్టీ నోటి మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగింది.

"అయితే అన్నయ్యా, అది ఆరుతున్నన్నాళ్ళూ దాన్ని చూసే పని ఉండదు కదా?"

"ఏం చూస్తాం? ఇటుకల్నా?" అన్నాడు నాన్న విసుగ్గా.

"అయితే అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దాం. అందరం."

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నాకు తెలిసి అత్త నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? నాన్న కూడా తలూపాడు. తమ్ముడు, దగ్గర్లో కొండలున్నాయి, ఓ రెండ్రోజులు తిరిగొద్దాం అన్నాడు.

"కుదరదు. దేశం దాటాల్సిందే," అంది అత్త. "దగ్గరైతే మీలో ఎవరికో ఒకరికి గుబులు పుడుతుంది. 'ఒకసారి దుకాణం మొహం చూసొస్తా' అని బస్సెక్కేస్తారు. మీ సంగతి నాకు తెలీదూ! విమానం ఎక్కిస్తే చచ్చినట్టు అందరూ ఒక్కచోట పడుంటారు."

తమ్ముడి భార్య, మా మరదలు, పకపకా నవ్వింది. "ఇది సరదాగా తిరగడానికా, జైలుకా చిన్నత్తయ్యా?"

"జైలే అనుకో. కిటికీలున్న జైలు," అంది అత్త.

ఎక్కడికి అన్న గొడవే రాలేదు. మా దుకాణానికి ఎదురుగా టికెట్ల ఆఫీసు ఉంది. దాని అద్దానికి ఎప్పట్నించో ఒక బొమ్మ అంటించి ఉంటుంది: నీలం సరస్సు, వెనకాల మంచుకొండలు, నీళ్ళ మీద తెల్లటి చిన్న ఓడ. బొమ్మ ఎండకి వెలిసిపోయింది కూడా. అత్త అప్పుడప్పుడు రొట్టెల తట్ట ముందు గదిలో దించి, దానివంక చూసి వెళ్ళేది. అదెందుకో మేమెవ్వరం అడగలేదు. "ఆ ఓడలో మనమంతా ఒకేసారి పడతామా?" అని ఆ సాయంత్రం అడిగితే గానీ మాకు తెలియలేదు.

ఇక చూసుకోండి, ఆవిడ హడావుడి. పని అయిపోగానే పిండి బల్ల తుడిచి, అందర్నీ దాని చుట్టూ కూర్చోబెట్టేది. చిట్టికి, అంటే తమ్ముడి కూతురికి, కిటికీ పక్క సీటు. తమ్ముడికి బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది కాబట్టి అక్కడ బస్సుల్లో ముందు వరస. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందుకని లిఫ్టు ఉన్న హోటలు. నాన్న కొత్త చోట నిద్రపోడు, ఆయన గది రోడ్డు వైపు ఉండకూడదు. నేనూ తనూ ఒక గది.

"నేను గురక పెడతానత్తా," అన్నాను.

"పెట్టుకోవే. బట్టీ కూడా రాత్రంతా చిటపటమంటుంది. ఏ చప్పుడూ లేకపోతే నాకే నిద్ర పట్టదు."

అందరి గురించీ ఆలోచించింది. తనకి ఏం కావాలో మాత్రం ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు.

పాస్‌పోర్టుల దగ్గర చిక్కొచ్చింది. మా అందరివీ ఒక్కసారే అయిపోయాయి. అత్త వేళ్ళని మాత్రం ఆ మిషను ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి వేడి తట్టలు పట్టుకుని వేలికొనలు నున్నగా అరిగిపోయాయి. ఆఫీసులో కుర్రాడు తుడిచి పెట్టమన్నాడు, నొక్కి పెట్టమన్నాడు, చివరికి మళ్ళీ రమ్మన్నాడు. "నేను పుట్టలేదంటుందిరా ఈ డబ్బా," అంది అత్త వాడితో. వాడు నవ్వాడు గానీ అత్త నవ్వలేదు. ఇంటికొచ్చి కొన్నాళ్ళు పొద్దునా సాయంత్రం వేళ్ళకి నూనె రాసుకుని కూర్చుంది. రెండోసారి వెళ్ళినప్పుడు మిషను ఒప్పుకుంది. అందుకే ఆవిడ పాస్‌పోర్టు మా అందరికంటే ఆలస్యంగా, విడిగా వచ్చింది. దాన్ని ఆవిడ తన దిండు కింద పెట్టుకుంది.

ఈలోపు మేస్త్రి బట్టీ విప్పడం మొదలుపెట్టాడు. ఇల్లంతా దుమ్ము. ఆ దుమ్ములోనే నాన్న ఒకరోజు మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని, రబ్బరు బ్యాండు వేసి ఉన్న పాస్‌పోర్టుల కట్ట తీసుకుని ఎదురాఫీసుకి వెళ్ళాడు. నేను వస్తానంటే, "ఇలాంటివి పెద్దవాళ్ళు మాట్లాడాలి, నువ్వు మేస్త్రి సంగతి చూసుకో" అన్నాడు. అరగంటలో తిరిగొచ్చాడు.

"అయిపోయింది. సెలవుల కాలం కదా, ఇంకొక్క రోజు ఆలస్యమైతే దొరికేవి కాదట," అన్నాడు. కవరు బీరువాలో పెట్టేశాడు. ఆ కవరు విప్పి చూసినవాడు మా ఇంట్లో లేడు. ఎందుకు చూస్తాం? నాన్న చూశాడుగా. తిలా పాపం తలా పిడికెడు.

ప్రయాణం దగ్గర పడ్డాక అత్తకి సీట్ల బెంగ పట్టుకుంది. అందరం పక్కపక్కన వస్తామో రామో అని నన్ను వెంటబెట్టుకుని టికెట్ల ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ ఉండే అమ్మాయి రోజూ పొద్దున్నే మా దుకాణంలో రొట్టె కొనుక్కుంటుంది. నన్ను చూసి నవ్వింది. అత్తని చూసి, "ఈవిడ...?" అంది.

"నువ్వు తినే రొట్టె కాల్చేది నేనే," అంది అత్త దర్జాగా.

"అవునా! ఇన్నేళ్ళలో మిమ్మల్నెప్పుడూ చూడలేదండీ."

"చూస్తే తినేదానివి కాదేమో. సరేగానీ, ఈ సీట్లు చూడమ్మా. ఒక వరసలో నలుగురం, దాని వెనకే ముగ్గురం వచ్చేలా కుదురుతుందా?"

ఆ అమ్మాయి కంప్యూటరు చూసింది. "ఆరుగురే కదండీ."

"ఏడుగురం. మా అన్నయ్యకి లెక్కలు రావు. పేర్లు చదువు."

చదివింది. నాన్నది, అమ్మది, తమ్ముడిది, మరదలిది, చిట్టిది, నాది. అక్కడ ఆగింది. అత్త ఇంకా వింటున్నట్టే తల ముందుకి వంచి నిలబడింది.

"ఇంకెవరైనా ఉన్నారా అని నేను అడిగానండీ," అంది ఆ అమ్మాయి గాభరాగా. "'బట్టీ మనిషి పోగా ఇంతే' అన్నారు పెద్దాయన. నాకర్థం కాలేదు. మీ దగ్గర పనిచేసేవాళ్ళెవరో అనుకున్నాను."

అత్త వంచిన తల ఎత్తింది. "ఇప్పుడు ఇంకొకటి దొరుకుతుందా అమ్మా?" అని మామూలుగా అడిగింది. దొరకదు. ఆ విమానం నిండిపోయింది. దాని తర్వాతి దాంట్లో ఖాళీ ఉంది కానీ, అది చేరేసరికి మేం తిరిగి బయల్దేరే రోజొస్తుంది. "సరేనమ్మా, నీ పని చెడగొట్టాను," అని అత్త బయటికొచ్చింది. ఆ వీధి దాటేటప్పుడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎప్పుడూ ఒకరి చెయ్యి పట్టుకునే మనిషి కాదు.

నాకు అసలే నోరు ఆగదు. ఇంట్లో అడుగుపెడుతూనే అరిచాను. "నాన్నా! నీకసలు బుద్ధుందా? ఎంతమందికి చెప్పావు టికెట్లు?"

"అందరికీ చెప్పాను. బట్టీ మనిషి..." అని నాన్న మధ్యలో ఆగిపోయాడు.

ఆయన వెనక తలుపు తీసే ఉంది. అక్కడ బట్టీ లేదు. పాత ఇటుకలు పెరట్లో కుప్పగా పడున్నాయి, కొత్త గోడ నడుం ఎత్తు కూడా లేవలేదు. లేని బట్టీకి మనిషిని కాపలా పెట్టి వచ్చాడు మా నాన్న. కావాలని చేసుంటే కొంచెం కోపమొచ్చి పోయేది. ఆయనకి తట్టనే లేదు, అదే నా కడుపు మండించింది.

ఇక మొదలైంది. అమ్మ, "నేను ఆగిపోతా, నాకసలే మోకాళ్ళు" అంది. తమ్ముడు, "అత్త వెళ్తుంది, నేనుంటా" అన్నాడు. మరదలు, చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరిపోదా అంది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మా ఇంటివాళ్ళని మించినవాళ్ళు లేరు.

"ఆపండి," అంది అత్త. గట్టిగా అనలేదు. కానీ అందరూ ఆగారు.

"నాకెవరూ సీటు దానం చెయ్యక్కర్లేదు. ఆ సరస్సు చూడకపోతే నా ప్రాణమేం పోదు, బొమ్మలో రోజూ చూస్తూనే ఉన్నాను. నేను అడిగింది అది కాదు. ఎవరో ఒకరు 'ఎంతమంది' అని అడిగినప్పుడు, నేను గుర్తుచెయ్యకుండా, మీ అంతట మీరు, నన్ను కూడా కలిపి చెప్పాలి. ఒక్కసారి. అదే నాకు కావాల్సింది. అది ఇప్పుడు మీరు సీటు తెచ్చిచ్చినా రాదు." అప్పుడు నాన్న వైపు తిరిగింది. "నేను మీకు మనిషినే కదా అన్నయ్యా? బట్టీలో ఇటుకని కాదు కదా?"

నాన్న గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఎవరిని ఏమంటాం? అత్త చీపురు తీసుకుని ఇటుకల దుమ్ము ఊడ్చింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

మర్నాటి నుంచీ నాన్న ఆ ఆఫీసు తలుపు తియ్యగానే వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాడు. వచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. మాట్లాడ్డమే తక్కువ, ఇప్పుడు అదీ పోయింది. అత్త కూడా ఆయనతో పనికి మించి మాట్లాడలేదు. నాకు ఇద్దరి మీదా జాలేసేది, నాన్న మీద కోపం మాత్రం పోలేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి, అత్త ముందు ఒక కాగితం పెట్టాడు.

"ఎవరో మానుకున్నారట. సీటు దొరికింది. నీ పేరు ఉంది, చదువుకో," అన్నాడు.

అత్త చదివింది. రెండుసార్లు చదివింది. "పాపం, వాళ్ళకేం అవసరం వచ్చి మానుకున్నారో," అంది.

"మనకెందుకు అవన్నీ," అన్నాడు నాన్న, పిండి బల్ల వైపు వెళ్ళిపోతూ.

కోపమంతా ఒక్క పూటలో కరగదు గానీ, అత్త మళ్ళీ కదిలింది. తన స్వెట్టరు ఉతుక్కుంది. చిట్టికి ఓడ పాటలేవో కట్టి నేర్పింది. అందరం వెళ్తున్నాం అన్న మాట రోజుకి పదిసార్లు అనేది, ఎవరైనా కాదంటారేమో అన్నట్టు. నేను నిజంగా సంతోషపడ్డాను. ఆ రోజుల్లో అమ్మ ఎందుకు ముభావంగా ఉందో నాకు తోచలేదు. మోకాళ్ళనుకున్నాను.

బయల్దేరే రోజు పొద్దున వ్యాను దుకాణం ముందుకొచ్చింది. నాన్న పెట్టెలన్నీ తనే మోసి ఎక్కించాడు. చిట్టి ముందే ఎక్కి కిటికీ పట్టేసింది. తమ్ముడు, మరదలు, అమ్మ ఎక్కారు. నేనూ అత్తా చివరి సీట్లో కూర్చున్నాం. నాన్న తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశాడు.

"ఎక్కు అన్నయ్యా, ఆలస్యమవుతోంది," అంది అత్త.

"మీరు వెళ్ళండి," అన్నాడు నాన్న.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ తెలియలేదు. అప్పుడు అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మొహం చూశాక అన్నీ తెలిసిపోయాయి. మానుకున్నది ఎవరో కాదు. ఆయన సీటు ఆయన వదిలేస్తే, అదే సీటుని ఆ అమ్మాయి అత్త పేరు మీద రాసిచ్చింది. అమ్మ చేత ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు.

అత్త లేచింది. "నేను దిగుతా. జరుగు."

నాన్న తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "దిగితే ఆ సీటు ఇద్దరికీ కాకుండా పోతుంది. కూర్చో."

"అందరం అన్నాను కదా అన్నయ్యా. అందరం అని కదా నేనడిగింది!" అత్త గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది.

"తెలుసు. అది నేనే పాడుచేశాను. బాగుచెయ్యడం నా చేతకాలేదు." నాన్న కళ్ళు ఎర్రబడ్డాయి. ఆయన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. "నువ్వు లేకుండా నేను చాలా చోట్లకి వెళ్ళొచ్చాను. నేను లేకుండా నువ్వొకసారి వెళ్ళిరా. ఈ గుమ్మంలో నిలబడితే ఎలా ఉంటుందో నాకూ తెలియాలి."

తలుపు ఆయనే వేసేశాడు. బయట్నించి రెండుసార్లు తట్టాడు. వ్యాను కదిలింది.

చిట్టి, విమానంలో కిటికీ తెరుచుకుంటుందా అని అడిగింది. తమ్ముడు తెరుచుకోదని చెప్పాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది. నేను టికెట్ల కవరు తీసి, ఈసారి పేర్లన్నీ చదివాను. అందరం ముందుకే చూస్తున్నాం. ఎప్పుడు ఎక్కడికి బయల్దేరినా మేం అలాగే చూస్తాం.

అత్త మాత్రం సీటు మీద మోకాళ్ళు ఆనించి, వెనక్కి తిరిగి, వెనకద్దంలోంచి చూస్తోంది. నేను భుజం మీద చెయ్యి వేసినా తిరగలేదు. వీధి చివర మలుపు దగ్గర పడుతుంటే డ్రైవరుని పిలిచింది.

"కాస్త నెమ్మదిగా పోనియ్యి బాబూ," అంది. "మా అన్నయ్య ఇంకా నిలబడే ఉన్నాడు."